సోయుజ్‌లో మూడో ఆసనం

1967 ఏప్రిల్‌లో సోయుజ్ తొలి మానవసహిత యాత్రలోనే పారాషూట్ సరిగా విచ్చుకోక కొమరోవ్ మరణించాడు. నన్ను మరింత కలచివేసేది మాత్రం 1971 జూన్ 30. సల్యూత్ కేంద్రంలో మూడు వారాలకు పైగా గడిపి తిరిగివస్తున్న సోయుజ్-11లో, భాగాలు విడివడే వేళ గాలి కవాటం ఒకటి అంతరిక్షంలోనే తెరుచుకుంది. నౌక చక్కగానే నేలకు దిగింది; లోపల ముగ్గురూ విగతజీవులు. ముగ్గురిని ఇరికించడం కోసం పీడన దుస్తులను వదులుకున్నారు మరి!

ఆపైన దుస్తులు తప్పనిసరి చేసి, ఒక ఆసనం తీసేశారు. అది 1980 నవంబరులో సోయుజ్ టి-3తో గాని తిరిగి రాలేదు. 1984 ఏప్రిల్‌లో మన రాకేశ్ శర్మ ముగ్గురిలో ఒకడుగా సోయుజ్ టి-11లో వెళ్ళాడు. ఆయన సహయాత్రికుడు స్ట్రెకలోవ్, అంతకు ఆరు నెలల ముందే బైకనూరులో మంటలంటుకున్న రాకెట్టు మీదనుండి ప్రాణాలతో బయటపడ్డవాడు.