వేటకాండ్ర సంఘమును సర్కారును



అడవి చెంత పొలము గలవారికి మంచె యన నేమియో నేను చెప్పనక్కరలేదు. నా చిన్నతనమున జొన్నచేను కంకి పట్టినది మొదలు కోత ముగియువరకు మా యింటివారిలో నొకరు రాత్రులు మంచెమీదనే గడపుచుండిరి. డప్పును, వడిసెలయు, కేకయు మా యాయుధములు. ఊరిలో లైసెన్సు గల నాటుతుపాకి యొక్కటి యుండెను. “పందిని గొట్టుట సులువు, కాగితము దెచ్చుకొనుట కష్టము” అని దాని యజమాని నవ్వుచు చెప్పుచుండెడివాడు. ఆ కాగిత మెట్లు పుట్టెను? అడవిమృగమును కొట్టరాదను శాసనమును మొదట ఎవరు కోరిరి? ఎవరి మాట విని సర్కారు దానిని చేసెను? ఈ ప్రశ్నలకు సమాధానములు వెదకగా నాకు తెలిసిన చరిత్రను నేడు మీకు విన్నవించెదను.

వేట మన దేశమునకు క్రొత్త కాదు. రాజులు వినోదమునకై వేటాడిరి. అడవిజాతులవారు పొట్టకొఱకు వేటాడిరి. కాపులు పైరును గాపాడుకొనుటకు మృగములను గొట్టిరి. కౌటిల్యుడు మృగయను రాజుల వ్యసనములలో జేర్చెను. కాని వేటాడువారు సంఘముగా నేర్పడి, సర్కారునకు విన్నపములు చేసి, తమ వేట నిలుచుటకై వేటకే నియమములు గావలెనని కోరుట మాత్రము క్రొత్త సంగతి. మన చెన్నరాజధానిలో నది నీలగిరులయందు జరిగెను.

ముందుగా తుపాకి సంగతి. 1857 నాటి తిరుగుబాటు తరువాత ప్రజలచేత ఆయుధము లుండుట సర్కారునకు భయకారణ మయ్యెను. లిట్టన్ ప్రభువు రాజప్రతినిధిగా నున్న కాలమున, 1878లో, ఆయుధముల చట్టము వచ్చెను. లైసెన్సు లేక తుపాకి యుంచుకొనుట నేర మయ్యెను. అయితే నియమములలో మినహాయింపులు గలవు. ఐరోపావారికి లైసెన్సుతో పనిలేకుండెను, మనవారికి కావలసియుండెను. కొడగువారికి ప్రత్యేకముగా మినహాయింపు దొరకెను; అది కొన్ని నిబంధనలతో నేటికిని సాగుచున్నది. 1887లో చెన్నపట్టణమున బద్రుద్దీన్ త్యాబ్జీగారి యధ్యక్షతను గూడిన కాంగ్రెసు మూడవ మహాసభ ఈ చట్టమును సడలింపవలెనని కోరెను. జాతినిబట్టి చూపిన భేదము 1920 నాటి నియమములవరకు తొలగలేదు.

ఇక నీలగిరులకు వత్తము. వేసవి వచ్చిన చెన్న సర్కారు ఉదకమండలమునకు తరలిపోవుచుండెను. అచట కాఫీ, తేయాకు తోటలకై అడవులు నరకబడుచుండెను. తోటదొరలు, సైనికోద్యోగులు, సెలవులకు వచ్చిన యధికారులు తోచినట్లు వేటాడుచుండిరి. ఆ కొండలమీది పచ్చికబయళ్లలో అడవిమేక యొకటి తిరుగును. అరవమున దానిని వరైయాడు అందురు. దొరలు దానికి ఐబెక్సు అని పేరు పెట్టుకొనిరి. నిజమున కది ఐబెక్సు కాదు. ఈ వరైయాడును, కడితియు నానాటికి తగ్గిపోవుట చూచి వేటకాండ్రకే భయము గలిగెను. 1877లో వారు నీలగిరి వేటమృగ సంఘమును స్థాపించిరి. రెండేండ్లకే, 1879లో, నీలగిరుల వేటమృగములను మత్స్యములను సంరక్షించు చట్టము వచ్చెను. అది చెన్న సర్కారు ఆ యేట చేసిన రెండవ చట్టము.

ఒక సంఘము కోరిక యింత త్వరగా చట్ట మగుట కేమి కారణము? కారణము సులభము. విన్నపము చేసినవారును, విన్నపము నందుకొన్నవారును ఒకే యూరివారు, ఒకే బంతిని భుజించువారు. వారికి దుబాసితో పని లేదు. తాము కోరున దేమో, ఎందుకు కోరుచున్నారో స్పష్టముగా వ్రాయగల శక్తి వారికి గలదు.

చట్టము చేసిన పని యిది. అడవిదున్న, కడితి, వరైయాడు, జింకలు, కుందేలు, నెమలి, అడవికోడి, కౌజు, పూరేడు మొదలగువానిని వేటమృగములుగా పేర్కొని, ఏటిలో కొన్ని మాసములు వానిని కొట్టరాదని సర్కారు ప్రకటించుటకు అధికార మిచ్చెను. తరువాత వేటకు లైసెన్సులు, రుసుములు, కాపలావాండ్రు ఏర్పడిరి. ఆడమృగమును కొట్టరాదు, పిల్లను కొట్టరాదు అను కట్టుబాట్లు బలపడెను.

న్యాయముగా చెప్పవలెనన్న, ఇందు మేలు గలదు. తుపాకి పట్టినవాడే తన తుపాకికి హద్దు గీచుకొనుట చిన్న సంగతి కాదు. నీలగిరులలో వరైయాడు నేటికిని మిగిలియుండుటకు ఆ కట్టుబాట్లును ఒక కారణము. ఆ సంఘము నేడు పేరు మార్చుకొని, వేట మాని, వన్యప్రాణుల పర్యావరణ సంఘముగా నున్నది.

కాని రెండవ ప్రక్క గూడ చూడవలెను. ఆ సంఘములో కురుంబలు లేరు, ఇరుళులు లేరు, బడగ రైతులు లేరు. దొర రైఫిలుతో కొట్టినది క్రీడ; అడవివాడు ఉచ్చుతోను వలతోను పట్టినది దొంగవేట. ఒకే మృగము, ఒకే చావు. పేరు మాత్రము వేఱు. మఱియొక పొరపాటు గలదు. తమ వేటకు పోటీ యని రేచుకుక్కను శత్రువుగా నెంచి, దానిని చంపినవారికి బహుమానము లిచ్చిరి. దేశమంతట పులికిని, చిరుతకును, తోడేలునకును సర్కారు బహుమానములు గలవు. 1875 మొదలు 1925 వరకు గల యేబది యేండ్లలో ఎనుబదివేలకు పైగా పులులు చంపబడినవని చరిత్రకారుల యంచనా.

రైతును చట్టము పూర్తిగా మఱచెనా? మఱవలేదు. భూమిగలవాడు తన పైరును కాపాడుకొనుటకు తన పొలమున చేయు యత్నమును నీలగిరి చట్టము అడ్డలేదు. 1912లో దేశమంతటికి వచ్చిన అడవిపక్షుల, మృగముల సంరక్షణ చట్టము గూడ ఆత్మరక్షణకును, సొత్తు కాపాడుకొనుటకును మృగమును చంపుటను నేరముగా నెంచలేదు. అయితే ఏమి? ఒక చట్టము, “నీ పైరు నీవు కాపాడుకొనుము” అనెను. వేఱొక చట్టము, “తుపాకి మాత్రము మా యనుమతి లేక ముట్టకుము” అనెను. ఈ రెండింటి నడుమ రైతుకు మిగిలినది మంచెయు డప్పును. వేటకాండ్రలో పలువురు పంటకాపు తుపాకులమీదనే ఫిర్యాదు చేయుచుండిరి. పంట పేరిట అడవిలో వేట సాగుచున్నదనిరి. గొట్టములు పొట్టిచేయవలెనని గూడ సూచనలు వచ్చెను. ఆ ఫిర్యాదులో నిజము లేకపోలేదు. కాని పంట పోయిన రైతు ఫిర్యాదును వ్రాసి పంపు సంఘ మేదియు లేకపోయెను.

తెలుగునాట సర్కారునకు తుపాకిభయ మెక్కువగుటకు వేఱొక కారణము గలదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజుగారు మన్యములోని చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా పడి తుపాకులు గొనిపోయిరి. పోడు వ్యవసాయమునకు అడ్డంకులు, అడవి యాంక్షలు, బాటపనుల బాధలు ఆ తిరుగుబాటునకు మూలములు. ఇట్లు అడవిచట్టమును తుపాకిచట్టమును మన చరిత్రలో ఎన్నడును విడివిడిగా నడువలేదు.

కాలము గడచినకొలది వేటకాండ్రలో గొందఱి మనస్సు మాఱెను. ఉత్తరమున జిమ్ కార్బెట్టువంటివారు తుపాకి దించి ఛాయాగ్రహణయంత్రము పట్టిరి. 1936లో హెయిలీ పేర మొదటి జాతీయవన మేర్పడెను. 1940లో నీలగిరుల పాదమున ముదుమలై సంరక్షణస్థలమయ్యెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1952లో కేంద్ర వన్యప్రాణి మండలి యేర్పడెను. 1959లో క్రొత్త ఆయుధముల చట్టము చేయబడి 1962 అక్టోబరు 1 నుండి అమలయ్యెను. పంటకాపునకు ముందునుండి మందు కూరెడి తుపాకికి లైసెన్సు ఇయ్యదగునని అందు స్పష్టముగా గలదు.

1970లో పులివేట నిషేధింపబడెను. విదేశీయులను వేటకు గొనిపోవు కంపెనీలవారు, దేశమునకు వచ్చు విదేశీధనము పోవునని మొఱపెట్టిరి. ఈ పర్యాయము సర్కారు వారి మాట వినలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. పదునొకండు రాష్ట్రములు తీర్మానించి కోరగా పార్లమెంటు దీనిని చేసెను. ఆ పదునొకండింటిలో ఆంధ్రప్రదేశ మొకటి. మొదట నీ చట్టములోను వేటలైసెన్సులు గలవు. 1991 సవరణతో అవి పోయెను. వినోదపు వేట అంతటితో ముగిసెను.

అయితే మంచె ముగియలేదు. నేడు చట్టమున రైతుకు సంబంధించిన మాటలు మూడు గలవు. వానిని పెద్దలు గుర్తుంచుకొనవలెను. ఒకటి: ప్రాణరక్షణకై సద్బుద్ధితో మృగమును చంపుట నేరము కాదు, కాని చచ్చిన మృగము సర్కారు సొత్తు. రెండు: రెండవ పట్టికలోని మృగము, అడవిపందివంటిది, మనుష్యుల ప్రాణమునకు గాని నిలిచియున్న పైరుకు గాని అపాయకర మైనప్పుడు, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడో ఆయన యధికార మిచ్చిన యుద్యోగియో కారణములు చూపి వ్రాతమూలకమైన ఆజ్ఞతో దానిని కొట్టుటకు అనుమతి యియ్యవచ్చును. ఇది పదునొకండవ సెక్షను. మూడు: అభయారణ్యమునకు పది కిలోమీటర్లలోపల నున్న తుపాకి లైసెన్సుదారు తన పేరు నమోదు చేయించుకొనవలెను, అచట క్రొత్త లైసెన్సునకు ముఖ్య సంరక్షకుని ముందస్తు సమ్మతి కావలెను. ఇది ముప్పదినాలుగవ సెక్షను.

ఈ దారి తెలియకయో, తెలిసియు ఓపిక లేకయో, కొందఱు పొలము చుట్టు విద్యుత్తీగలు పఱచుచున్నారు. పందికై పఱచిన తీగకు పొరుగు రైతో, నీరు పెట్టబోయిన కన్నకొడుకో బలియగుట మనము వినుచునే యున్నాము. నాటి వేటవినోదముకంటె నేటి యీ తీగ క్రూరమైనది. అది ఆడ, మగ, పిల్ల, మనిషి అను భేద మెఱుగదు.

కావున ఈ చరిత్రనుండి నేను గ్రహించినది మీముందుంచెదను. నీలగిరి దొరలకు తుపాకులు గలవు గనుక చట్టము రాలేదు. వారు కూడి వ్రాసిరి గనుక వచ్చెను. వారి స్వార్థమును మనము గైకొననక్కరలేదు. వారి పద్ధతిని గైకొనవచ్చును. ఏ రాత్రి ఏ పొలమున ఎంత పైరు పోయెను, ఎన్ని పందులు వచ్చెను, పంచనామా జరిగెనా, ఎవరికి అర్జీ పెట్టితిమి, ఏమి బదులు వచ్చెను - ఇవి గ్రామమున నొక పుస్తకమున వ్రాసియుంచినచో, పదిమంది సంతకములతో గూడిన యా లెక్కను ఏ కార్యాలయమును సులభముగా త్రోసివేయజాలదు. అందే చట్టమును గౌరవించు మాటయు నుండవలెను. ఉచ్చు పెట్టినవాడు మనవాడైనను కప్పిపుచ్చరాదు. అప్పుడే మన మాటకు బరువు గలుగును.

నూటయేబది యేండ్లుగా ఈ విషయమున ఒక గొంతు తక్కువగా వినబడినది. అది మంచెమీది గొంతు. రాత్రి అది పందులకు వినబడిన చాలదు. పగలు సర్కారునకును వినబడవలెను.

సెలవు.