పురుగు మందు మరిగిందా?



పత్తి చేలోకి వెళ్లినప్పుడల్లా నన్ను రైతులు అడిగే ప్రశ్న ఒకటి కలదు. “ఏమండీ, మొదటి ఏడు ఈ మందు కొడితే పురుగు నిలువునా రాలింది. ఇప్పుడు రెండింతలు పోసినా కదలడం లేదు. పురుగు మందు మరిగిందంటారా?” కల్లు మరిగిన మనిషి వలె పురుగు కూడా మందుకు అలవాటు పడుతుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. డిప్లొమా చదివి ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కూడా ఆ మాటే అనేవాడిని. అది పొరపాటు. చిన్న పొరపాటు కాదు, కొంపలు ముంచిన పొరపాటు. దాని చరిత్రే ఈ పూట మీతో ముచ్చటించదలచాను.

ముందుగా మీరెరిగిన సంగతితోనే మొదలుపెడదాం. జొన్న కోతకు ముందు చేనంతా తిరిగి, మంచి కంకులు చూసి విత్తనానికి ఏరుతారు గదా. ఆ కంకులకు గింజ నిండుగా పట్టడం మీరు నేర్పలేదు. ఆ గుణం వాటిలో ముందే ఉన్నది. మీరు చేసినదల్లా ఏరడమే. ఏటేటా ఏరగా ఏరగా చేనంతా ఆ రకమే అవుతుంది. 1859లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విన్ తన గ్రంథాన్ని మొదలుపెట్టినది కూడా రైతులు, పశుపోషకులు చేసే ఈ ఎంపికతోనే. ప్రకృతిలో కూడా ఇటువంటి ఎంపిక నిరంతరం జరుగుతూ ఉంటుందని, దానికి ఏరేవాడు అక్కరలేదని ఆయన చూపారు. దీనినే ప్రకృతి వరణం అంటారు.

ఇక పురుగు సంగతి చూడండి. ఒకే తల్లి పిల్లలు కూడా అచ్చంగా ఒకలా ఉండవు. ఒక మడిలో 1000 పురుగులు ఉన్నవనుకోండి. వాటిలో 5 పురుగులకు పుట్టుకతోనే మందును తట్టుకునే గుణం ఉన్నదనుకోండి. ఒక దాని ఒంట్లో మందును విరిచివేసే రసం ఎక్కువగా ఊరవచ్చును. మరొక దాని నరాలకు మందు అంటకపోవచ్చును. మీరు మందు కొట్టారు. మామూలు పురుగులు 995లో 950 చచ్చినవి, ఆకు చాటున 45 మిగిలినవి. ఆ 5 ఎటూ చావవు. మొత్తం మిగిలినవి 50. మీ కంటికి చేను శుభ్రపడింది. కాని లెక్క చూడండి: ఇంతకు ముందు 200లో ఒకటిగా ఉన్న తట్టుకునే పురుగు ఇప్పుడు 10లో ఒకటి అయినది. పిల్లలు తల్లిదండ్రులను పోలి పుట్టి, మరల 1000 అయినవనుకుంటే, అందులో 100 తట్టుకునేవి. మరల అదే మందు కొట్టారు. మామూలువి 45, తట్టుకునేవి 100 మిగిలినవి. రెండు పిచికారీలకే మూడింట రెండు వంతులకు మించి మందుకు లొంగనివే!

ఏ ఒక్క పురుగూ అలవాటు పడలేదు, ఏ ఒక్కటీ మారలేదు. మారినది మంద. జొన్న కంకులను మన చేతితో ఏరినట్లే, మందుకు లొంగని పురుగులను మన పంపుతో మనమే విత్తనానికి ఏరి పెట్టాము.

ఈ సంగతి నిన్న మొన్న తెలిసినది కాదు. అమెరికాలో ఆపిల్ తోటలకు శాన్ హోసే పొలుసు పురుగు అనే పీడ ఉండేది. చెట్టు బెరడును అంటిపెట్టుకుని, మైనపు పొలుసు కింద దాగి రసం పీల్చే పురుగు అది. సున్నము, గంధకము కలిపి కాచిన ద్రావణం దానికి విరుగుడు. వాషింగ్టన్ రాష్ట్రంలో మెలాండర్ అనే కీటక శాస్త్రజ్ఞుడు తోట తోటకూ తిరిగి పరీక్షించారు. మామూలు తోటలలో ఆ మందుకు వారం రోజులలో పురుగులన్నీ చచ్చినవి. కాని కొన్ని తోటలలో రెండు వారాలు గడిచినా 100కి 90 బ్రతికే ఉన్నవి. మందు అదే, మోతాదు అదే. 1914లో ఆయన ఈ విషయం ప్రచురిస్తూ, పురుగులు మందును తట్టుకునే గుణం పొందగలవా అని ప్రశ్నించారు. మందు తగలని మామూలు పురుగులు కొన్ని మిగిలి, గట్టి వాటితో జతకట్టితే ఆ గుణం పలచబడుతుందని కూడా సూచించారు. ఈ మాట గుర్తుంచుకోండి. మనకు ముందు ముందు పనికివస్తుంది.

ఆ కాలంలో ఆ హెచ్చరికను పట్టించుకున్నవారు తక్కువ. 1939లో స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ డీడీటీకి పురుగులను చంపే శక్తి ఉన్నదని కనుగొన్నారు. 1948లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఇక పురుగు బాధ తీరినట్లేనని లోకం సంబరపడింది. కాని ఆ బహుమానం రాకముందే, 1946-47 నాటికే, స్వీడన్‌లోనూ ఇటలీలోనూ డీడీటీకి చావని ఈగలు కనిపించినవి.

పురుగు నేర్చుకుంటుందా, లేక ముందే ఉన్నది మిగులుతుందా అనే సందేహాన్ని తీర్చే పరీక్ష 1943లో లూరియా, డెల్‌బ్రూక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సూక్ష్మజీవులపై చేశారు. వాటిని చంపే వైరస్ ఎదురు పడకముందే, దానిని తట్టుకునే జీవులు ఆ మందలో పుట్టి ఉంటాయని లెక్క కట్టి నిరూపించారు. వైరస్ ఆ గుణాన్ని పుట్టించలేదు. బయట పెట్టింది.

ఇక మన గడప దగ్గరకు వద్దాం. 1980 తరువాత మన దేశానికి సింథటిక్ పైరిత్రాయిడ్లు వచ్చినవి. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ వంటివి. కొద్దిపాటి మందుకే పత్తిలో శనగపచ్చ పురుగు రాలిపోయేది. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్లలో పత్తి విస్తరించింది. పని చేసిన మందును ఎవరు వదులుతారు? అదే మందు, మరల అదే మందు. పేరు మారినా డబ్బాలో ఉన్నది ఆ కుటుంబపు మందే. 1987-88 పంటకాలంలో అది చేతులెత్తివేసింది. రైతులు మోతాదు పెంచారు, మందులు కలిపి కొట్టారు, అప్పు చేసి మరల కొట్టారు. కాయలో పురుగు కాయలోనే ఉన్నది. అప్పుల బాధ తాళలేక ఆ ఏడాది ప్రాణాలు తీసుకున్న పత్తి రైతులు ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ పురుగులను పరీక్షించి, అవి పైరిత్రాయిడ్లను తట్టుకుంటున్నవని 1989లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మందు కల్తీదని కొందరు, పురుగు మందు మరిగిందని కొందరు అనుకుంటూ ఉండగానే ఎంపిక పూర్తి అయిపోయింది.

అదే పురుగు 1983లో ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ పత్తి పొలాలలోనూ ఈ మందులకు ఎదురు తిరిగింది. అక్కడివారు మోతాదు పెంచలేదు. పంటకాలంలో 42 రోజుల గడువు పెట్టి, పైరిత్రాయిడ్లు ఆ గడువులోనే వాడాలని కట్టుబాటు చేసుకున్నారు. ఏరడం ఒక్క తరానికే పరిమితమైతే మామూలు పురుగుకు ఊపిరి అందుతుందన్నది దాని కిటుకు.

తరువాత 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక సూక్ష్మజీవి తయారుచేసే విషాన్ని మొక్కే తన ఒంట్లో తయారు చేసుకుంటుంది. 2006లో రెండు విషాలు గల రకం వచ్చింది. పిచికారీలు తగ్గినవి, రైతులు సంతోషించారు. కాని ఒక్కసారి ఆలోచించండి. మొక్కలోనే మందు ఉన్నదంటే, మొలక నాటి నుండి కట్టె అయ్యే వరకు ప్రతి దినమూ పిచికారీ జరుగుతున్నట్లే. అంటే ప్రతి దినమూ ఏరుతున్నట్లే.

ఇది తెలిసే, ప్రతి విత్తన పాకెట్టుతో పాటు బీటీ కాని గింజల చిన్న పాకెట్టు ఒకటి ఇచ్చారు. చేను చుట్టూ కనీసం 5 వరుసలు, లేదా 20 శాతం విస్తీర్ణం, ఏది ఎక్కువైతే అది వేయమన్నారు. ఎందుకో వినండి. గులాబీ రంగు పురుగులో బీటీని తట్టుకునే గుణం తల్లి నుండీ తండ్రి నుండీ రెండు వైపులా వస్తేనే గట్టిగా పని చేస్తుంది. ఒక వైపు నుండి మాత్రమే వస్తే ఆ పిల్ల బీటీ కాయ తిని చస్తుంది. కాబట్టి గట్టున పెరిగిన మామూలు రెక్కల పురుగులు వచ్చి, చేలో మిగిలిన ఒకటి రెండు గట్టి వాటితో జతకడితే, ఆ సంతానం చావవలసినదే. మెలాండర్ 1914లో సూచించినది ఇదే గదా.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు ఆ చిన్న పాకెట్టు చేతిలో పట్టుకుని, “ఇది పురుగులను పెంచే విత్తనం గదండీ, నా సొమ్ము పెట్టి పురుగును మేపమంటారా?” అని అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన దానిని గట్టు మీదే పారవేశారు. ఆయన ఒక్కరే కాదు, ఊరంతా పారవేసింది. కొన్ని పాకెట్లలో కంది గింజలు వచ్చేవి. శనగపచ్చ పురుగు కంది తింటుంది కనుక దానికి సరే. గులాబీ రంగు పురుగుకు పత్తే ప్రాణం, అది కందిని ముట్టదు. ఈ తేడా కూడా నేను విడమరచి చెప్పలేదు.

గుజరాత్‌లో 4 జిల్లాలలో మొదటి రకం బీటీని గులాబీ రంగు పురుగు తట్టుకుంటున్నదని 2010లో ప్రకటించారు. 2014-15 నాటికి రెండు విషాల రకంలోనూ అది కనబడింది. ఆ తరువాత మన చేలలోనూ కాయ కోస్తే పురుగు, గుడ్డి పూలు, పుచ్చిన దూది. నాడు పాకెట్టు పారవేసిన ఆ రైతు ఒకనాడు నాకు పగిలిన కాయ చూపి, “మేపనన్నాను, ఇప్పుడు ఊరంతా మేపుతున్నాం” అన్నారు. నాకు మాట రాలేదు.

ఇదే పురుగు అమెరికాలోని అరిజోనాలోనూ ఉండేది. అక్కడ 1996 నుండి బీటీ పత్తితో పాటు మామూలు పత్తిని నియమంగా వేశారు. దాదాపు పదేళ్లు పురుగు లొంగే ఉన్నది. 2006 నుండి సంతానం లేకుండా చేసిన మగ, ఆడ రెక్కల పురుగులను విమానాల నుండి వదిలారు. 2018లో తమ దేశపు పత్తి నుండి గులాబీ రంగు పురుగు తొలగిపోయినట్లు ప్రకటించారు. బీటీ గుణం ఒకటే, పురుగు ఒకటే. తేడా పెట్టినది మనుషుల నడవడి.

కాబట్టి సోదరులారా, నాలుగు పనులు మరువవద్దు. బీటీ కాని గింజలు కలిసిన సంచి వస్తే వాటిని ఏరి పారవేయవద్దు, వేరుగా ఇస్తే తప్పక విత్తండి. ఒక కుటుంబపు మందును వెంట వెంట కొట్టవద్దు. డబ్బా మీద పేరు కాదు, లోపలి మందు పేరు అడగండి. లింగాకర్షక బుట్టలు కట్టి, బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రోజులు పడినప్పుడు, లేదా 100 పూలలో 10 గుడ్డి పూలు కనిపించినప్పుడు మాత్రమే మందు సంగతి ఆలోచించండి. రెండవ కాపుకు ఆశపడి చేనును వేసవి దాకా నిలపవద్దు. మోళ్లు పీకి, పురుగు తరాన్ని తెగగొట్టండి.

మందుకు లొంగే పురుగు కూడా రైతుకు ఒక ఆస్తియే. అది ఒక్కరి చేలో ఉండే ఆస్తి కాదు, ఊరందరిదీ. చెరువు నీరు వలె అందరూ కాపాడితేనే మిగులుతుంది. ఇకపై పురుగు మందు మరిగిందా అని ఎవరైనా అడిగితే ఇట్లా చెప్పండి: పురుగు మరగలేదు, మనమే మరిగాము. ఒకే మందును మరిగినది మనం.