కారు బ్యాటరీ సంరక్షణ: తిరుపతి, చిత్తూరు ప్రాంత చరిత్ర

పెట్రోలు, డీజిలు కార్లను స్టార్ట్ చేసేది 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. సీసం పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్న ఆరు సెల్స్ దీనిలో ఉంటాయి. దీన్ని ప్రమాదం లేకుండా పరీక్షించుకునే పద్ధతులు తయారీ మారినప్పుడల్లా మారాయి. భారతదేశంలో ఆ మార్పుకు ముఖ్య కేంద్రాల్లో ఒకటి తిరుపతి సమీపంలోని కరకంబాడి.

ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో లెడ్ యాసిడ్ బ్యాటరీని రూపొందించాడు. 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక కారుకు బ్యాటరీ తప్పనిసరైంది. తరువాతి అరవై, డెబ్బై ఏళ్లలో సంరక్షణ అంటే ప్రధానంగా నీళ్లు పోయడమే. పలకల జాలీలో సీసానికి గట్టిదనం కోసం ఆంటిమొనీ కలిపేవారు. దానివల్ల ఛార్జింగ్‌లో నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి తరిగిపోయేది. రాయలసీమ ఎండలో ఈ తరుగుదల ఇంకా ఎక్కువ. లవణాలున్న బోరు నీళ్లు పోస్తే పలకలు చెడతాయి కనుక డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడాలి.

కరకంబాడి బ్యాటరీల చరిత్ర 1985లో మొదలవుతుంది. చిత్తూరు జిల్లా పేటమిట్టకు చెందిన గల్లా రామచంద్రనాయుడు తిరుపతిలో ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో విద్యుత్ కేంద్రాల రూపకల్పన రంగంలో పనిచేసి తిరిగివచ్చి, అమరరాజా బ్యాటరీస్‌ను స్థాపించారు. అప్పటికి పరిశ్రమలు అంతగా లేని ఈ ప్రాంతంలో, గ్రామీణ యువతకు ఊరి దగ్గరే పని దొరకాలన్న సంకల్పంతో వేసిన సాహసోపేతమైన అడుగు అది. సంస్థ మొదట కార్ల జోలికి పోలేదు. నీళ్లు పోయనవసరం లేని వీఆర్‌ఎల్‌ఏ బ్యాటరీలను టెలిఫోన్ ఎక్స్చేంజీలకు, రైల్వేలకు అందించింది. ఈ రకంలో ఆమ్లం గాజు పీచు మ్యాట్‌లో ఇంకి ఉంటుంది, వెలువడిన వాయువులు లోపలే తిరిగి నీరవుతాయి, ఒత్తిడి మితిమీరితే వాల్వు తెరుచుకుంటుంది. దేశంలో ఈ సాంకేతికతకు బాట వేసినవారిలో కరకంబాడి ఇంజినీర్లున్నారు.

1997లో అమెరికాకు చెందిన జాన్సన్ కంట్రోల్స్ సంస్థతో పొత్తు కుదిరింది. 2000లో అమరాన్ పేరుతో కార్ల బ్యాటరీ మార్కెట్లోకి వచ్చింది. ఇలాంటి బ్యాటరీల్లో ఆంటిమొనీ స్థానంలో కాల్షియం కలపడంతో నీటి తరుగుదల బాగా తగ్గింది. మెకానిక్ షెడ్డులో డిస్టిల్డ్ వాటర్ డబ్బా అవసరం క్రమంగా తగ్గిపోయింది. చిత్తూరు సమీపంలోని నూనెగుండ్లపల్లెకు కూడా ఉత్పత్తి విస్తరించింది. సీసం కాలుష్యం ఆరోపణలపై 2021 ఏప్రిల్‌లో కాలుష్య నియంత్రణ మండలి రెండు ప్లాంట్ల మూసివేతకు ఆదేశించగా, హైకోర్టు ఆ ఉత్తర్వులను నిలిపివేసింది. 2023లో సంస్థ పేరు అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా మారింది.

ఇలాంటి బ్యాటరీలకు వాడే ‘మెయింటెనెన్స్ ఫ్రీ’ అన్న మాట నీళ్లకే వర్తిస్తుంది, జాగ్రత్తకు కాదు. ఇంజన్ ఆపి కొన్ని గంటలయ్యాక మల్టీమీటరు 12.6 వోల్టులు, ఆపైన చూపితే ఛార్జ్ నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే సుమారు ముప్పాతిక, 12కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. అంతకు తగ్గితే ఆల్టర్నేటర్, దాని వైరింగ్ చూడాలి. పదేపదే ఎక్కువ వస్తుంటే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. మూతలున్న పాత రకంలో హైడ్రోమీటరుతో ఒక్కో సెల్ ఆమ్ల సాంద్రత చూస్తారు. మిగతావాటికంటే ఒకటి 0.050 తక్కువ చూపితే ఆ సెల్ పోయినట్టే. మూతపై రంగు మారే చిన్న కన్ను ఆరింటిలో ఒక్క సెల్ సంగతే చెబుతుంది.

ఛార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. అందుకే బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల నిషిద్ధం. గాలి ఆడే చోటనే ఛార్జింగ్ పెట్టాలి. విప్పేటప్పుడు ముందు నెగెటివ్ తీగ, బిగించేటప్పుడు చివర నెగెటివ్ తీగ. పాజిటివ్ బోల్టు తిప్పే స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా షార్ట్ సర్క్యూట్ కాకుండా ఈ వరుస కాపాడుతుంది. చేతికున్న ఉంగరం, కడియం తీసేయాలి. కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. ఒంటిమీద ఆమ్లం పడితే ధారగా నీళ్లతో చాలాసేపు కడగాలి, కంట్లో పడితే కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. టెర్మినళ్లపై పేరుకున్న పొడిని వంటసోడా నీటితో కడిగి, ఆరాక పెట్రోలియం జెల్లీ పూస్తారు. జంపర్ కేబుళ్లతో స్టార్ట్ చేసేటప్పుడు చివరి నెగెటివ్ క్లిప్పును డౌన్ అయిన బ్యాటరీకి కాక, దూరంగా ఇంజన్ లోహానికి తగిలించాలి.

ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది సాధారణ లెక్క. 40 డిగ్రీలు దాటే తిరుపతి మే నెలలో నీడన పార్కింగ్‌కు అందుకే విలువ.

పాడైన బ్యాటరీ తిరిగి పరిశ్రమకే చేరాలని 2001 నాటి నిబంధనలు చెప్పాయి. వాటి స్థానంలో 2022లో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వచ్చాయి. కొత్తది కొనేటప్పుడు పాతదానికి ధర తగ్గించడం అంతటా వాడుకలో ఉంది. పాత బ్యాటరీలను ఇంటి ఆవరణల్లో పగలగొట్టి సీసం కరిగించడం మాత్రం పిల్లల మెదడుకు శాశ్వత హాని చేస్తుంది. ఎలక్ట్రిక్ కార్లలోనూ లైట్లకు, తాళాలకు, కంప్యూటర్లకు 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది; చాలా మోడళ్లలో అది లెడ్ యాసిడ్ రకమే.