రాణిగారి విడిది, మన మగ్గం

సమాఖ్య వార్షికోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని పెద్దలు అడిగారు. మొదట మన కులపురాణమే రాద్దామనుకున్నాం. అది ఇంటింటా తెలిసిన కథే కదా, ఈసారి కాస్త దూరం పోయి వద్దామనిపించింది. పిక్కిలి నుంచి బయలుదేరి ఫ్రాన్సు దేశంలో ఒక రాణిగారి విడిదిదాకా వెళ్లి, మళ్లీ మన బారామహల్‌కే తిరిగొద్దాం. అంత దూరం ఎందుకంటారా? ఆ మేడ కథలో మన చేతిపనివాళ్ల కథ కూడా ఒక పోగుగా కలిసి ఉంది.

రాజభవనంలో ఒక మూల

పారిస్ దగ్గర వెర్సాయ్ అని పెద్ద రాజభవనం ఉంది. వేలమంది మసలే చోటు. రాజు నిద్ర లేవడం, భోంచేయడం కూడా నలుగురి ముందే జరగాలి. ఆ హడావిడికి దూరంగా ఉండాలని 15వ లూయీ రాజు అదే ఆవరణలో ఒక చిన్న మేడ కట్టించాడు. దాని పేరు పెటీ ట్రియానన్. గాబ్రియేల్ అనే శిల్పి గీసిన నమూనా ప్రకారం 1762లో పని మొదలై 1768లో ముగిసింది. రాజుగారి ప్రియురాలు మదాం ద పాంపదూర్ కోసం తలపెట్టిన మేడ అది. కానీ ఆమె 1764లోనే చనిపోయింది, గృహప్రవేశం చూడలేదు.

1774లో 16వ లూయీ గద్దె ఎక్కాడు. ఆ మేడను తన భార్య మరీ ఆంత్వానెత్‌కి ఇచ్చేశాడు. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు. అక్కడ ఆజ్ఞలన్నీ రాణి పేరు మీదే. రాజు కూడా పిలిస్తేనే వచ్చేవాడు.

బయటినుంచి చూస్తే నాలుగు పలకల కట్టడం, పెద్ద ఆర్భాటం లేదు. లోపల గోడల చెక్క పలకల మీద పూలు, పళ్లు, ఆకులు చెక్కారు. రాణి ఒంటరిగా కూర్చునే గదిలో ఒక తమాషా ఉంది: సాయంత్రమైతే నేల కిందనుంచి అద్దాలు పైకి లేచి కిటికీలను మూసేస్తాయి. 1787లో పడకగదికి కొత్త కుర్చీలు వచ్చాయి. చెక్క మీద మల్లెతీగలు, గోధుమకంకులు చెక్కి, వాటి సహజమైన రంగులే వేశారు. ఆ కుర్చీలకు వేసిన తొడుగు జరీ కాదు, పట్టూ కాదు. తెల్లటి సాదా బట్ట మీద రంగుల ఉన్నితో కుట్టిన పూలు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

తోట, బొమ్మల పల్లె

ఆ చోట మొదట 15వ లూయీ పెంచిన మొక్కల తోట ఉండేది. బెర్నార్ ద జుస్యూ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడ మొక్కలను జాతులవారీగా వరుసలు కట్టి నాటించాడు. రాణి వచ్చాక ఆ మొక్కలు పారిస్‌లోని రాజోద్యానానికి పోయాయి. గీత గీసినట్టుండే తోటల మీద మోజు పోయి, కొండలా మట్టి పోయించి, వంకర వాగులు తవ్వించి, అడవిలా కనిపించే తోట వేయించారు. రిషార్ మీక్ అనే శిల్పి దాన్ని నడిపించాడు. 1778లో నీటి నడుమ దీవి మీద పాలరాతి స్తంభాలతో ప్రేమ మందిరం లేచింది.

1783 నుంచి ఒక పల్లెటూరే కట్టారు. చెరువు చుట్టూ గడ్డికప్పు ఇళ్లు, పాలమందిరం, పావురాల గూడు. పక్కనే నిజమైన ఆవులతో, రైతుతో పొలం కూడా ఉంది. మరకు చక్రమైతే తిరిగేది గానీ పిండి ఆడేది కాదు. పాతబడిన ఇళ్లలా కనబడాలని కొత్త గోడల మీద బీటలు రంగుతో గీయించారు. లోపలికి పోతే మాత్రం రాణికి తగిన సరంజామా!

ఈ ముక్క చదివినప్పుడు మా ఇంట్లో ముసలావిడ నవ్వింది. "మన గోడల బీటలు ఎవరూ గీయలేదు నాయనా, అవే వచ్చాయి" అంది. బీదతనం ఒకరికి ఆటయితే ఇంకొకరికి బతుకు. చరిత్ర చదివేటప్పుడు ఈ తేడా మరవకూడదు.

తెల్ల గౌను తెచ్చిన రగడ

ఆ విడిదిలో రాణి పట్టు వదిలేసి పలచటి తెల్ల మస్లిన్ గౌను తొడుక్కునేది. ఎలిజబెత్ విజే లెబ్రన్ అనే చిత్రకారిణి ఆ వేషంలోనే బొమ్మ గీసి 1783లో పారిస్ ప్రదర్శనలో పెట్టింది. జనం మండిపడ్డారు. రాణి లోబట్టలతో కూర్చున్నట్టుందని తిట్టారు. బొమ్మ తీసేసి, పట్టుబట్టలతో ఇంకోటి గీయాల్సి వచ్చింది. సిగ్గు ఒక్కటే కారణం కాదు. లియోన్ ఊరు పట్టునేతకు పేరుపడింది. రాణే పరాయిదేశపు నూలు కడితే మా మగ్గాలు ఏమైపోవాలని అక్కడివాళ్ల ఏడుపు. 1786లో కూలి రేటు పెంచమని అదే లియోన్ నేతగాళ్లు తిరగబడ్డారు కూడా. వాళ్ల కష్టం మనకు తెలియనిది కాదు.

మస్లిన్ అంటే బంగాళం, ఢాకా. మన కోరమాండల్ తీరానికి పేరు తెచ్చింది రంగు బట్ట, కలంకారీ. ఫ్రెంచివాళ్లు 1669లోనే మచిలీపట్నంలో కొట్టు తెరిచారు. మన బట్ట ఎంతగా అమ్ముడుపోయిందంటే, అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టగా ఫ్రాన్సు సర్కారు 1686లో దాన్ని నిషేధించింది. నిషేధం 1759 దాకా సాగింది. అయినా దొంగచాటుగా వస్తూనే ఉంది. ముందు చెప్పిన మదాం ద పాంపదూర్ కూడా తన బెల్వ్యూ భవంతిలో ఆ బట్టనే వాడింది. పెద్దింటివాళ్లకు చట్టం ఎక్కడైనా కాస్త వంగుతుంది.

చేతిపని ఎలా పోయింది

రంగు ఉతికినా పోని గుట్టు ఏమిటో అక్కడివాళ్లకు తెలియలేదు. అది తెలుసుకుని రాసి పంపింది కూర్దూ అనే జెసూట్ పాదిరి. ఈయనకు తెలుగు బాగా వచ్చు. మతం పుచ్చుకున్న అద్దకంవాళ్లను అడిగి, బట్టను కరక్కాయలో, గేదెపాలలో ఎలా నానబెట్టాలి, పటిక ఎలా పెట్టాలి, చిరివేరుతో ఎరుపు ఎలా తేవాలి అని 1742లో జాబు రాశాడు. చెప్పినవాళ్ల పేర్లు మాత్రం మనదాకా రాలేదు.

నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడే, 1760లో, ఓబర్‌కాంఫ్ అనే జర్మనీ మనిషి వెర్సాయ్ పక్కనే జూయీ అనే ఊళ్లో అద్దకం కర్ఖానా పెట్టాడు. మొదట చెక్క అచ్చులు, తర్వాత రాగి పలకలు. 1783లో దానికి రాజుగారి కర్ఖానా అనే బిరుదు వచ్చింది. జూయీ బట్టకు ఈనాటికీ ఆ ఊరి పేరుంది. దారి చూపిన చేతులకు పేరు లేదు.

ట్రియానన్ నుంచి బారామహల్‌కి

ఇక మన వైపు. అప్పట్లో ధర్మపురి, కృష్ణగిరి సీమను బారామహల్ అనేవారు, టిప్పు సుల్తాన్ ఏలుబడి. ఆయన పంపిన ముగ్గురు రాయబారులు పుదుచ్చేరిలో ఓడెక్కి ఫ్రాన్సు చేరారు. 1788 ఆగస్టు 10న వెర్సాయ్‌లో 16వ లూయీ కొలువుకు వెళ్లారు. సైన్యంతో పాటు చేతిపనివాళ్లనూ అడిగారు. సైన్యం దొరకలేదు, కొందరు పనివాళ్లు వచ్చారు. రాణిని మస్లిన్‌లో గీసిన విజే లెబ్రనే, రాయబారి దర్వేష్ ఖాన్‌ను బంగారు పూల తెల్ల మస్లిన్ అంగీలో నిలువెత్తున గీసింది. ఆ బొమ్మ మీద చూసేవాళ్లకు రాయబారి తెలుసు, చిత్రకారిణి తెలుసు. నేసినవాడు తెలియడు.

తర్వాతి ఏడాది అక్టోబరు 5న, రాణి ట్రియానన్ తోటలో ఉండగానే పారిస్ జనం వెర్సాయ్ మీదికి వస్తున్నారన్న కబురు అందింది. ఆమె మళ్లీ ఆ మేడ చూడలేదు. 1793లో ఆమె తల పోయింది, మేడలోని సామాను వేలంలో పోయింది.

మన సీమ 1792లో ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చింది. ధర్మపురిలో ఏళ్ల తరబడి ఉన్న థామస్ మన్రో ఇక్కడ ముచ్చటగా తోట పెంచుకున్నాడు. ఆయనే 1813లో బ్రిటిష్ పార్లమెంటు ముందు ఒక మాట చెప్పాడు. బారామహల్‌లో కంపెనీ మనుషులు ముఖ్యమైన నేతగాళ్లను ఒకచోట చేర్చి, కంపెనీకి తప్ప ఇంకెవరికీ నెయ్యమని ఒప్పుకునేదాకా కాపలా పెట్టారట. బయానా తీసుకున్నవాడు ఇక బాకీనుంచి బయటపడటం అరుదట. ఆ కాపలాలో కూర్చున్నది ఈ సీమ మగ్గాలవాళ్లే. మన తాత ముత్తాతల తోటివాళ్లే.

మనం చేయగలిగింది

రాణి కుర్చీ చేసిన వడ్రంగి జార్జ్ జాకబ్ అని కాగితాల్లో ఉంది. తోట వేసినవాడి పేరు ఉంది. అక్కడ లెక్క రాసిపెట్టారు కాబట్టి 200 ఏళ్ల తర్వాత కూడా చెప్పగలుగుతున్నాం. మనవాళ్లు నేసి ఇచ్చారు, రాసిపెట్టలేదు. రాసేవాళ్లు వేరేవాళ్లయ్యారు.

అందుకే ఈ వార్షికోత్సవానికి మా మనవి ఒకటే. పెట్టెలో ఉన్న పాత చీర ఒకటి తీయండి. ఎవరు నేశారు, ఏ ఊళ్లో, ఏ ఏట, అంచుకు ఏమని పేరు, రంగు ఎక్కడ పెట్టించారు, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయండి. పడుగు, పేక, నాడె, పన్నె అని తెలుగులో అనే మాటలు, తరి, పావు అని ఇక్కడి తమిళంలో అనే మాటలు, రెండూ రాయండి. సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి, అవ్వ మాట రికార్డు చేసి దాచండి. వచ్చే ఏడు సంచికలో ఆ పేర్లు అచ్చు వేసుకుందాం. రాజుల మేడలు ఎవరో ఒకరు కాపాడతారు. మన మగ్గం లెక్క మనమే రాసుకోవాలి.