హెలికాప్టర్‌లో తప్పనిసరి, విమానంలో నో ఎంట్రీ: ఒక చిన్న సిలిండర్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న సిలిండర్ గురించి మాట్లాడుకుందాం. సైజు చూస్తే వాటర్ బాటిల్ అంతే. రూల్స్ చూస్తే మాత్రం తల తిరుగుతుంది. బ్రిటన్ దగ్గర సముద్రంలో ఉన్న ఆయిల్ రిగ్గులకి హెలికాప్టర్‌లో వెళ్లాలంటే ఇలాంటిది ఒంటికి తగిలించుకోవాల్సిందే. అదే సిలిండర్‌ని గాలి నింపి ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్తే లోపలికి రానివ్వరు. రెండు రూల్సూ కరెక్టే. ఎలాగో చూద్దాం.

1979లో అమెరికాలో ల్యారీ విలియమ్సన్ అనే ఆయన స్కూబా డైవర్ల కోసం ‘స్పేర్ ఎయిర్’ తయారుచేశాడు. నీళ్లలో ఉండగా మెయిన్ ట్యాంకులో గాలి అయిపోతే, దీన్ని నోట్లో పెట్టుకుని పైకి వచ్చేయొచ్చు. చిన్న మోడల్‌లో నీటి పైన అయితే సుమారు 30 శ్వాసలకి సరిపడా గాలి ఉంటుంది. పది మీటర్ల లోతులో అది సగానికి సగం తగ్గిపోతుంది. అయినా ప్రాణం కాపాడుకోడానికి అది చాలు.

దీని మీద అమెరికన్ నేవీ కన్ను పడింది. ఎందుకంటే హెలికాప్టర్‌కి ఇంజన్లు, రోటర్ లాంటి బరువంతా పైనే ఉంటుంది. నీళ్లలో పడితే చాలాసార్లు తలకిందులైపోతుంది. లోపలున్నవాళ్లు చీకట్లో, తలకిందులుగా బెల్టు విప్పుకుని కిటికీ వెతుక్కోవాలి. బయటపడటానికి ఒక్కోసారి నిమిషం దాకా పడుతుంది. కానీ చల్లటి నీళ్లలో మనిషి ఊపిరి బిగబట్టగలిగేది సగటున 20 సెకన్ల లెక్కే. ఆ తేడానే చంపేస్తుంది. అందుకే 1980ల్లో నేవీ హెలికాప్టర్ సిబ్బందికి ఈ రకం సిలిండర్లు ఇచ్చారు.

మరి ఆయిల్ రిగ్గులకి వెళ్లే మామూలు ఉద్యోగుల సంగతి? వాళ్ల దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 2009 మార్చి 12న కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలో కూగర్ 91 హెలికాప్టర్ సముద్రంలో కూలింది. గేర్‌బాక్స్ దగ్గర బోల్టులు విరిగి ఆయిల్ కారిపోయింది. 18 మందిలో బతికింది ఒక్కరే. మిగతా 17 మందీ నీళ్లలో మునిగి చనిపోయారు. ఎవరి దగ్గరా ఈ గాలి పరికరం లేదు. దెబ్బ గట్టిగా తగిలింది కాబట్టి, ఉంటే ఎంతమంది బతికేవాళ్లో చెప్పలేం. కానీ అదే ఏడాది అక్కడి ఉద్యోగులకి పరికరం వచ్చేసింది.

2013 ఆగస్టు 23న షెట్లాండ్ దీవుల దగ్గర ఇంకో హెలికాప్టర్ పడి తిరగబడింది. 18 మందిలో నలుగురు చనిపోయారు. అప్పుడు వాళ్ల జాకెట్లలో ఊపిరి తీసుకునే సంచి ఉంది, దానికి సొంత గాలి కూడా ఉంది. కానీ ప్రయాణానికి ముందు చూపించే వీడియోలో ఆ విషయం సరిగ్గా చెప్పలేదని దర్యాప్తులో తేలింది. పరికరం ఉన్నా, అది ఏం చేస్తుందో తెలియకపోతే లేనట్టే కదా! 2015 నుంచి బ్రిటన్‌లో నీళ్లలోనూ వెంటనే వాడగలిగే గాలి సిలిండర్‌నే రూల్ చేశారు.

ఇప్పుడు విమానం సంగతి. ‘పైకి వెళ్తే ప్రెషర్ తగ్గి సిలిండర్ పేలిపోతుంది’ అని చాలామంది అనుకుంటారు. కాదు. లోపల ఉండేది సుమారు 3000 పీఎస్‌ఐ, అంటే మన బైక్ టైరుకి దాదాపు వంద రెట్లు. బయట తగ్గేది మహా అయితే పదో పదిహేనో పీఎస్‌ఐ. దాని లెక్కెంత? అసలు భయం వేరే ఉంది. వాల్వ్ విరిగితే సిలిండర్ రాకెట్‌లా దూసుకుపోతుంది. మంటల్లో చిక్కుకుంటే పేలొచ్చు. పైగా పైనుంచి చూసి లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు.

‘ఇది ఖాళీదేనండీ’ అన్న మాట ఎందుకు సరిపోదో 1996 మే 11 చెప్పింది. మయామీ నుంచి బయల్దేరిన వాల్యూజెట్ 592 విమానంలో పాత ఆక్సిజన్ జనరేటర్లని అట్టపెట్టెల్లో సర్దారు. కాగితాల మీద ‘ఖాళీ’ అని రాశారు. అవి ఖాళీవి కావు, సేఫ్టీ క్యాపులూ లేవు. మంట పుట్టి విమానం ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలో కూలింది. 110 మంది పోయారు. అవి స్కూబా సిలిండర్లు కావు, నిజమే. కానీ పాఠం ఒకటే: లేబుల్‌ని నమ్మొద్దు, లోపల చూడు.

అమెరికా ఎయిర్‌పోర్టుల్లో ఇప్పటి రూల్ కూడా అలాగే ఉంటుంది. వాల్వ్ పూర్తిగా ఊడదీసి, లోపల కనిపించేలా మూతి తెరిచి ఉంటేనే సిలిండర్‌ని అనుమతిస్తారు. సెక్యూరిటీ వాళ్లు దాన్ని ఊడదీయరు, మనమే ముందుగా చేయించుకోవాలి. గాలి ఉన్న సిలిండర్‌ని ఇంట్లో స్పానర్‌తో విప్పొద్దు, డైవింగ్ షాపులో తెలిసినవాళ్లతో చేయించండి. ఎయిర్‌లైన్‌ని కూడా ముందే అడగండి, ఎందుకంటే వాళ్లు వద్దంటే అంతే.

ఇంకో మాట. ఈ సిలిండర్ గాలి పీల్చాక ఊపిరి బిగబట్టి పైకి రాకూడదు. పైకొచ్చేకొద్దీ ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది, ఒకటి రెండు మీటర్ల లోతు నుంచి వచ్చినా ప్రమాదమే. వదులుతూ రావాలి.

మన కాకినాడ తీరానికి అవతల కేజీ బేసిన్ రిగ్గుల్లో పనిచేసేవాళ్లు మీ ఇంట్లోనో, ఊళ్లోనో ఉంటే ఈ వీడియో పంపండి. హెలికాప్టర్ ఎక్కే ముందు చెప్పే జాగ్రత్తలు ఫోన్ పక్కన పెట్టి వినమనండి. షెట్లాండ్‌లో తేలింది అదే.