మన్ను తిన్నవారి చరిత్ర

మన్ను అను మాట తెనుగునందును, కన్నడమునందును, తమిళమునందును ఇంచుమించుగా ఒక్కటియే. ఒకని జీవనోపాధిని చెడగొట్టినవానిని మనము 'నోట మన్ను కొట్టినాడు' అందుము. తమిళ సోదరులును తమ మాటలలో అట్లే యందురు. కదలక మెదలక పడియుండువానిని 'మన్ను తిన్న పాము'తో పోల్చుట తెనుగువారి వాడుక. పాము నిజముగా మన్ను తినునో తినదో జంతుశాస్త్రజ్ఞులు చెప్పవలసినదే గాని, మన్ను తిను మనుష్యులలో ఆ మందకొడితనము కానవచ్చుట మాత్రము సత్యము. ఆ మాంద్యమును గూర్చియు, దానికి లోకము చెప్పుచు వచ్చిన కారణములను గూర్చియు మేమీ వ్యాసమున ముచ్చటింపదలచినాము. ఇట్టి సంచికలలో రాజులను, కవులను, ఆలయములను గూర్చి చదువ నలవాటుపడిన పాఠకులు వంటింటి మూలలోని యీ విషయమును గూడ చరిత్రగానే యంగీకరింతురుగాక.

మన్ను తినుట యనగా పొలములోని మట్టిని పిడికెడు తీసి మ్రింగుట యని మాత్రమే తలంపరాదు. పుట్టమన్ను, కుండపెంకు, తడిసిన మట్టిగోడ పెళ్ల, పొయ్యిలోని బూడిద, విభూతిపండు, సుద్ద, బలపము ఇవన్నియు ఈ కోవలోనివే. వీనిలో బలపము మన యిండ్లకు మిక్కిలి పరిచితమైనది. పలకమీద వ్రాయవలసిన బలపము పిల్లవాని సంచిలోనుండి మాయమై తల్లి నోట తేలుట మనలో అనేకు లెరిగినదే. తినువారిలో చూలాండ్రును, చిన్నపిల్లలును అధికము. తొలకరి చినుకుకు లేచు మట్టివాసనకు నోరూరుచున్నదని చెప్పు గర్భిణులు ఏ యూరనైనను కలరు. పిల్లలు బహిరంగముగా తిని దెబ్బలు తిందురు. పెద్దవారు కొంగున ముడివైచుకొని, ఎవరును చూడని వేళ తిందురు.

బాలుడు మన్ను తిన్న కథ మనకు క్రొత్త కాదు. పోతనామాత్యుని భాగవతమున దశమస్కంధము వినిపింపని తెనుగు పల్లె యరుదు. యశోద నోరు తెరువుమన్నప్పుడు కృష్ణుని నోట బ్రహ్మాండము కనబడెను. భక్తులు ఆ బ్రహ్మాండమును చూతురు. మేము దానికి ఒక్కింత ముందున్న క్షణమును, ఆ తల్లి కంగారును చూడగోరుదుము. పాలు, వెన్న పుష్కలముగానున్న యింట బిడ్డ మన్నేల తినవలెనను ప్రశ్న యే తల్లినైనను కలతపెట్టునది. కాళిదాసు రఘువంశము మూడవ సర్గమున మరియొక దృశ్యము కలదు. గర్భవతియైన సుదక్షిణాదేవి మన్ను తినును. దిలీప మహారాజు ఏకాంతమున ఆమె ముఖమునందలి మట్టిపరిమళమును ఎంత మూర్కొన్నను తనివి చెందడు. పుట్టబోవువాడు భూమినంతను ఏలవలసినవాడు కనుక తల్లికి ముందుగనే భూమియందు రుచి పుట్టినదని కవి సమర్థనము. మెదకుసీమలోని కొలచలమునకు చెందిన మన మల్లినాథసూరి వ్యాఖ్యానముతో ఈ సర్గమును చదువుకొన్న తరములెన్నియో! కావ్యము ఆ కోరికను దోహదమని గౌరవించినది. రాణి తిన్నచో ముచ్చట, కూలివాని భార్య తిన్నచో దురలవాటు అగుట లోకరీతి కాబోలు.

వైద్యులు మాత్రము కవులతో నేకీభవింపలేదు. చరకసంహిత చికిత్సాస్థానము 16వ అధ్యాయమున పాండురోగము ఐదు విధములని చెప్పబడినది. ఐదవది మృద్భక్షణమువలన కలుగునది. వగరుమన్ను వాతమును, చవిటిమన్ను పిత్తమును, తియ్యమన్ను కఫమును ప్రకోపింపజేయునట. తిన్న మన్ను జీర్ణముకాక స్రోతస్సులను పూడ్చివైచును. బలము, వర్ణము, జఠరాగ్ని క్షీణించును. చెక్కిళ్లు, కనుబొమలు, పాదములు వాచును. కడుపున క్రిములు చేరును. నెత్తురును, జిగురును కలసి విరేచనమగును. నేటి వైద్యుడు ఈ వర్ణనమును చదివినచో కొంకిపురుగు రోగిని ఎదుట నిలిపినట్లే యుండును.

చికిత్స మరింత ఆశ్చర్యకరము. అలవాటు మానలేనివానికి ఆ మన్నునే వేపాకు, వాయువిడంగము, అతివస, కటుకరోహిణి మొదలగువానితో భావన చేసి యిమ్మనిరి. రోగికి రోత పుట్టి తానే మానును. మన్ను చేసిన దోషమును ఔషధము హరించును. కొట్టుమనలేదు, నోరు కట్టుమనలేదు. అదే యధ్యాయమున పాండురోగమునకు నవాయస చూర్ణము, మండూర వటకములు చెప్పబడినవి. మొదటిదానిలో లోహచూర్ణము కలదు, మండూరమనగా ఇనుపచిట్టము. నెత్తురులో నినుము కలదని రసాయనశాస్త్రము కనుగొనుటకు అనేక శతాబ్దములకు పూర్వమే పాలిపోయినవానికి ఇనుము నిచ్చుట మన వైద్యులెరుగుదురు.

ఇక ఖండాంతరముల సంగతి. 1800వ సంవత్సరమున జర్మను పండితుడు అలెగ్జాండరు హంబోల్టు దక్షిణ అమెరికాలోని ఒరినోకో నదీతీరమున ఒటొమాకు జాతివారిని చూచెను. వరదలచే చేపలు దొరకని నెలలలో వారు సన్నని జిగటమన్నును ఉండలుచేసి, కొద్దిగా కాల్చి దాచుకొని, దినమునకు ముప్పాతిక పౌండు మొదలు ఒకటింబాతిక పౌండు వరకు తినుచుండిరని ఆయన వ్రాసెను. ఇది ఆకలిని మరపించు మన్ను. దీనికెవ్వరును వారిని శిక్షింపలేదు. వెస్టిండీసు చెరకుతోటలలోను, బ్రెజిలులోను మన్ను తిన్న ఆఫ్రికా బానిసల గతి వేరు. వారు పాలిపోయి, ఉబ్బి, పనికి లేవలేక చనిపోవుచుండిరి. తోటల వైద్యులు ఈ రోగమునకు 'కాకెక్సియా ఆఫ్రికానా', అనగా ఆఫ్రికావారి క్షీణరోగము, అని పేరిడిరి. తొలుత రోగిని, పిదప జాతిని నిందించు పేరది. మన్ను తినుటయే సమస్త రోగమునకు మూలమనియు, పని తప్పించుకొనుటకో ప్రాణము తీసికొనుటకో బుద్ధిపూర్వకముగా తినుచున్నారనియు యజమానులు తలంచిరి. అందుచే ముఖములకు రేకు ముసుగులు తొడిగి తాళములు వేయించిరి. 1816 మొదలు 1831 వరకు బ్రెజిలులో నివసించిన ఫ్రెంచి చిత్రకారుడు డెబ్రే అట్టి ముసుగు ధరించిన బానిసను చిత్రించి లోకమునకు చూపెను. చరకుని వేపాకు భావనకును ఈ తాళమునకును గల దూరము వైద్యుని చూపునకును యజమాని చూపునకును గల దూరమే.

1843లో డొమినికా ద్వీపమందలి వైద్యుడు జాన్ ఇమ్రే ఈ క్షీణరోగమును గూర్చి వ్రాసెను. ఆ సంవత్సరముననే ఇటలీలోని మిలాను నగరమున ఏంజెలో డుబిని, తాను 1838లో ఒక స్త్రీ శవమును పరీక్షించుచు కనుగొన్న కొంకిపురుగును గూర్చి ప్రకటించెను. ఈ రెండు వ్రాతలు ఒకే కథకు చెందినవని గ్రహించుటకు లోకమునకు చాలకాలము పట్టినది. ఆ పురుగు నోటి వెంటనే లోపలికి పోవునని అందరును నమ్మియుండగా, 1898లో కైరో నగరమున ఆర్థరు లూస్ అను శాస్త్రజ్ఞుని చేతిమీద పురుగుపిల్లలున్న నీరు ఒలికినది. చర్మము దురదపెట్టినది, కొన్ని వారములకు ఆయన మలమునందే గ్రుడ్లు కనబడినవి. పురుగు చర్మమును తొలుచుకొని దూరునని అట్లు తెలిసినది. అనగా మరుగుదొడ్లు లేని తోటలో చెప్పులులేని కాళ్లతో నడచుటయే రోగమునకు ముఖ్యద్వారము. మన్ను తినకముందే ఆ బానిస రోగియై యుండును. ఒక్కొక్క పురుగు దాని జాతినిబట్టి దినమునకు 0.03 మొదలు 0.2 మిల్లీలీటరు వరకు నెత్తురును హరించును. పురుగులు వందలైనప్పుడు లెక్క పాఠకులే వేసికొనవచ్చును.

ఇది మనకు దూరపు కథ కాదు. అస్సాము తేయాకుతోటలకు గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి కూలీలు పోయిరి. గంజాము 1936లో ఒరిస్సాలో చేరినది గాని, నాడు రెండును చెన్నపట్టణపు ప్రభుత్వము క్రిందివే. ఆ తోటలలో కూలీల రక్తహీనత పెద్ద సమస్య. 1890లో జైల్సు అను సైనికవైద్యుడు అస్సామును పీడించుచున్న కాలా అజారు సైతము కొంకిపురుగు పనియేయని నివేదించెను. అది పొరపాటని తరువాత తేలినను, పురుగు అచ్చట విస్తారముగా నుండుట నిజము. 1906లో హెరాల్డు మాను, డేవిడు హూపరు అనువారు భారతదేశమున మన్ను తిను అలవాటును గూర్చి ఒక వ్యాసమును బెంగాలు ఏషియాటికు సొసైటీ ద్వారా ప్రకటించిరి. మాను తేయాకు సంఘమువారి శాస్త్రజ్ఞుడే. ఆ యేడే చెన్నపట్టణపు మ్యూజియము అధికారి ఎడ్గారు థర్‌స్టను దక్షిణదేశపు ఆచారములను గూర్చిన తన గ్రంథమున మన్ను తినుటకొక ప్రకరణము కేటాయించెను. నిప్పులు త్రొక్కుట, సిడిమ్రాను మొదలగు ప్రకరణముల సరసననే యిదియు. ఒక వ్యాధిలక్షణము వింతల బీరువాలో చేరుట మాకు కష్టముగా తోచును.

అయినచో మన్ను నిర్దోషియా? కాదు. రక్తహీనత మన్ను తినిపించును. మన్ను రక్తహీనతను పెంచును. టర్కీలో జనులు తిను మన్ను ఆహారములోని ఇనుమును పట్టివేసి ఒంటికి చేరనీయదని 1968లో ప్రకటితమైన పరిశోధన చూపినది. అంతకు పూర్వమే మన దేశమువాడైన డాక్టరు ఆనంద ప్రసాదు 1958లో ఇరానులోని షీరాజు నగరమునకు పోయి, అచ్చట 21 ఏండ్ల యువకుని పరీక్షించెను. చూచుటకు పదేండ్ల బాలుడు. యౌవన చిహ్నములు లేవు. నెత్తురు మిక్కిలి తక్కువ. ఆహారము పులియని రొట్టె. దానికితోడు దినమునకు సుమారు అరకిలో మన్ను. ఇనుము కొరత యొక్కటే ఎదుగుదలను అంతగా ఆపజాలదని తర్కించి, ప్రసాదు జింకు కొరతను ఊహించి 1961లో ప్రకటించెను. పిదప ఈజిప్టు దేశమున దానిని ఋజువుపరచెను. మానవశరీరమునకు జింకు అత్యవసరమను జ్ఞానము ఈ మన్ను తిన్న పల్లెటూరివానివలన లోకమునకు లభించినది.

ఇనుము నిచ్చినచో మన్నుమీది మక్కువ పోవునా? 1959లో దక్షిణాఫ్రికాలో లాంజ్‌కౌస్కీ అను వైద్యుడు కొందరు పిల్లలకు ఇనుము సూదిమందు నీయగా వారములలోనే మానిరి. 1962లో అమెరికాలో కొందరికి ఇనుమును, కొందరికి వట్టి ఉప్పునీటిని సూదిద్వారా ఇచ్చి చూడగా ఇరువురికిని భేదము కానరాలేదు. కావున చర్చ తీరలేదు. అలవాటునకు తనదైన బలము కలదని మాత్రము మేమందుము.

మన్నును సమర్థించువారును కలరు. కేయొలిను అను తెల్లసుద్దను అతిసారమునకు మందుగా వైద్యులే వాడిరి. ఆండీసు కొండలవారు చేదు ఉర్లగడ్డలను మన్నుతో నద్దుకొని తిని, వాని విషమును తగ్గించుకొందురు. అది యంతయు నిజమే. కాని పెరటిమట్టిలో ఏలికపాముల గ్రుడ్లుండును. మితిమీరి తిన్నచో ప్రేగులు బిగుసుకొనును. సీసము వంటి విషలోహములుండవచ్చును. బంగ్లాదేశమున 'సికోర్' అను కాల్చిన మన్నును గర్భిణులు తిందురు. ఇంగ్లండులో దానిని పరీక్షించి, సీసము, ఆర్సెనికు ఉన్నవని అచ్చటి అధికారులు హెచ్చరించిరి. కడుపులోని బిడ్డకు సీసము చేయు హాని తరువాత తీర్చునది కాదు.

2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేననుసరించి మనదేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. గర్భిణులకు దినమునకు 60 మిల్లీగ్రాముల ఇనుము గల మాత్రను 180 దినములు ఇచ్చు ఏర్పాటును, 2015 నుండి పిల్లలకు నులిపురుగుల మాత్ర పంచు జాతీయ దినమును ప్రభుత్వము నడపుచున్నది. మాత్ర ఇంటికి చేరుచున్నది గాని, మన్ను సంగతి బయటికి వచ్చుట లేదు. అత్తగారి ఎదుట 'మన్ను తినుచున్నావా' అని యడిగినచో ఏ కోడలును ఔననదు. పైగా బలపము తినువారు తాము మన్ను తినుచున్నామనియే తలంపరు. కావున ఆరోగ్యకార్యకర్తలు ఏకాంతమున, బలపమును బలపమనియే, విభూతిని విభూతియనియే పేరుపెట్టి, బియ్యము బొక్కుచున్నారా యని సహితము అడుగవలయును.