పాట గాయనిది, పద్దు కంపెనీది: సోల్, డిస్కో గాయకుల జ్ఞాపకాల చరిత్ర

ఇరవయ్యో శతాబ్దపు అమెరికా నల్లజాతి సంగీతానికి లిఖిత చరిత్ర చాలాకాలం కంపెనీల చరిత్రగానే సాగింది. డెట్రాయిట్‌లో మోటౌన్, మెంఫిస్‌లో స్టాక్స్, ఫిలడెల్ఫియాలో ఫిలడెల్ఫియా ఇంటర్నేషనల్ అంటూ సంస్థల పేర్లతో, వాటిని నడిపిన నిర్మాతల పేర్లతో కాలవిభజన జరిగిందే తప్ప, ఆ రికార్డుల మీద వినిపించే గొంతుల వైపు నుంచి ఆ చరిత్రను చూసినవారు తక్కువ. ఆ లోటును పూరించే పని చివరికి గాయకులే చేపట్టవలసివచ్చింది. మేరీ విల్సన్ 1986లో, మార్తా రీవ్స్ 1994లో, రూత్ బ్రౌన్ 1996లో, గ్లోరియా గేనర్ 1997లో, టెడ్డీ పెండర్‌గ్రాస్ 1998లో, డోనా సమ్మర్ 2003లో ప్రచురించిన ఆత్మకథలలో పాత వైభవపు ముచ్చట్లు లేకపోలేదు. వాటిలో చాలావాటిని వృత్తి రచయితల సాయంతోనే రాశారు కనుక ప్రతి మాటనూ గాయకుల సొంత మాటగా తీసుకోవడమూ కుదరదు. అయినా ఎవరు పాడారు, ఎవరి పేరు అచ్చయింది, డబ్బు ఎవరికి ముట్టింది అన్న ప్రశ్నలకు కంపెనీ కాగితాలు ఇవ్వని జవాబులు ఈ జ్ఞాపకాలలో దొరుకుతాయి; వాటిలో కొన్ని కోర్టుల దాకా, చట్టసభల దాకా వెళ్లి నిలబడ్డాయి.

సోల్ అంటే నల్లజాతి చర్చిలలో పాడే గాస్పెల్ అనే భక్తిగీతాల గానపద్ధతిని, రిథమ్ అండ్ బ్లూస్ అనే లౌకిక సంగీతపు లయతో కలిపి 1950ల చివరికి రూపుకట్టిన బాణీ. దానికి ముందు తరానికి చెందిన రూత్ బ్రౌన్ గురించి మొదట చెప్పుకోవాలి, ఎందుకంటే తరువాతి వారు నడిచిన దారి ఆమె వేసినదే. 1948లో న్యూయార్క్‌లోని అపోలో థియేటర్‌లో పాడటానికి బయలుదేరిన ఆమె దారిలో కారు ప్రమాదానికి గురై నెలల తరబడి పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో ఉండిపోయారు. అంతకు ఏడాది ముందే పుట్టిన అట్లాంటిక్ రికార్డ్స్ ఆ మంచం మీద ఉన్న గాయనితోనే ఒప్పందం కుదుర్చుకుంది. 1950ల మొదటి సగంలో ఆమె రికార్డులు ఎంతగా అమ్ముడయ్యాయంటే, ఆ సంస్థను రూత్ కట్టిన ఇల్లు అని చెప్పుకునేవారు. 1960లలో ఆదరణ తగ్గాక ఆమె ఇళ్లలో పనిమనిషిగా, బడిపిల్లల బస్సు డ్రైవరుగా పనిచేసి పిల్లలను పెంచారు.

ఈ తారుమారుకు మూలం రాయల్టీ లెక్కలో ఉంది. రాయల్టీ అంటే అమ్ముడైన ప్రతి రికార్డు మీద గాయకులకు రావలసిన వాటా. ఆనాటి ఒప్పందాలలో ఆ వాటాయే కొద్ది శాతం కాగా, ఆ కొద్దిలోంచే స్టూడియో ఖర్చులు, వాద్యకారుల వేతనాలు, గాయకులకు ముందుగా ఇచ్చిన సొమ్ము మినహాయించుకునే హక్కు కంపెనీకి ఉండేది. పద్దులు రాసేదీ కంపెనీయే, వాటిని దాచేదీ కంపెనీయే కాబట్టి, పాటలు దేశమంతా మోగిన గాయని సైతం కాగితాల మీద బాకీదారుగా మిగిలిపోయేది. రూత్ బ్రౌన్ 1980లలో హోవెల్ బెగల్ అనే న్యాయవాది తోడుతో ఆ పద్దులను ప్రశ్నించడం మొదలుపెట్టారు. 1988లో, సరిగ్గా అట్లాంటిక్ తన నలభయ్యేళ్ల పండుగ జరుపుకుంటున్న సంవత్సరంలోనే, ఆ సంస్థ ఆమెతో పాటు అనేకమంది పాత గాయకుల బాకీలను రద్దు చేసి రాయల్టీలు తిరిగి లెక్కగట్టడానికి ఒప్పుకుంది. ముసలితనంలో ఆసరా లేని కళాకారుల కోసం రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ అదే ఏడాది ఏర్పడింది. ఆమె మరుసటి సంవత్సరం బ్రాడ్‌వే రంగస్థలం మీద టోనీ పురస్కారం కూడా అందుకున్నారు గానీ, ఈ చరిత్రలో ఆ పురస్కారం కన్నా పెద్ద విజయం బాకీల రద్దే.

మోటౌన్ కథలో ఇదే సమస్య వేరే రూపంలో ఎదురవుతుంది. ఒకప్పుడు కార్ల కర్మాగారంలో కూలి చేసిన బెర్రీ గోర్డీ 1959లో కుటుంబం నుంచి తీసుకున్న 800 డాలర్ల అప్పుతో మొదలుపెట్టిన ఆ సంస్థలో, పాట రాసేవారు, వాయించేవారు, పాడేవారు, వేదిక మీద నడక నేర్పేవారు అంతా ఒకే కప్పు కింద ఉండేవారు. మార్తా రీవ్స్ అక్కడ అడుగుపెట్టింది కార్యదర్శి ఉద్యోగంలో. గాయకులెవరైనా రాని రోజున మైకు ముందు నిలబడటంతో ఆమె గానజీవితం మొదలైంది. 1964 నాటి 'డాన్సింగ్ ఇన్ ద స్ట్రీట్' గురించి ఆమె చెప్పే విశేషం ఒకటి ఉంది: మొదటిసారి పాడి ముగించాక యంత్రం నడవలేదని తెలియడంతో, చిరాకును అణచుకుంటూ రెండోసారి పాడిన గానమే నేడు ప్రపంచం వింటున్నదని ఆమె అంటారు. ఆ పాటలోని బిగువు నిర్మాత నైపుణ్యమని సంగీత విమర్శకులు రాసుకుంటూ వచ్చారు. గాయని సాక్ష్యాన్ని వారి విశ్లేషణ పక్కన పెట్టి చూసినప్పుడే ఆ రికార్డు ఎలా తయారైందో పూర్తిగా బోధపడుతుంది. తరువాతి కాలంలో రీవ్స్ రాయల్టీల కోసం మోటౌన్ మీద దావా వేశారు. 2005లో డెట్రాయిట్ నగర మండలికి ఎన్నికై నాలుగేళ్లు పనిచేశారు. మేరీ విల్సన్ పుస్తకంలో మాత్రం తన కీర్తి కన్నా, సుప్రీమ్స్ బృందం నుంచి 1967లో తొలగింపుకు గురై 1976లో 32 ఏళ్ల వయసుకే కన్నుమూసిన సహగాయని ఫ్లోరెన్స్ బల్లార్డ్ పట్ల వేదనే బలంగా వినిపిస్తుంది. వాద్యకారుల పరిస్థితి మరీ అన్యాయం. ఫంక్ బ్రదర్స్ అని పిలుచుకున్న ఆ బృందం పేర్లు 1971లో మోటౌన్ గాయకుడు మార్విన్ గే ఆల్బమ్ వచ్చేదాకా అట్టల మీద అచ్చుకాలేదు.

సోల్ నుంచి డిస్కోకు మలుపు ఫిలడెల్ఫియాలో జరిగింది. కెన్నెత్ గ్యాంబుల్, లియాన్ హఫ్ 1971లో స్థాపించిన సంస్థకు సిగ్మా సౌండ్ స్టూడియోలో డ్రమ్స్ వాయించిన ఎర్ల్ యంగ్, 1973 నాటి 'ద లవ్ ఐ లాస్ట్'లో నాలుగు మాత్రల ఆవర్తంలో ప్రతి మాత్ర మీదా పెద్ద డ్రమ్మును కాలితో మోగిస్తూ, మాత్రల నడుమ జంట తాళపు పళ్లేలను కాస్త తెరిచి బుసకొట్టినట్టు పలికించాడు. నృత్యశాలల్లో అడుగు తప్పకుండా గంటల తరబడి ఆడటానికి వీలైన ఈ లయే డిస్కోకు వెన్నెముక అయింది. ఆ పాటలో ప్రధాన గాయకుడు టెడ్డీ పెండర్‌గ్రాస్. అయితే రికార్డు మీద బృందం పేరు హెరాల్డ్ మెల్విన్ అండ్ ద బ్లూ నోట్స్ కావడం వల్ల శ్రోతలలో చాలామంది పాడుతున్నది మెల్వినే అనుకునేవారు. పేరు విషయంలోనూ, డబ్బు విషయంలోనూ పొసగక పెండర్‌గ్రాస్ బృందం విడిచి ఒంటరిగా గొప్ప పేరు సంపాదించారు. 1982లో కారు ప్రమాదం ఆయన శరీరాన్ని చచ్చుబరిచినా చక్రాల కుర్చీలోంచే మళ్లీ పాడారు.

డిస్కో న్యూయార్క్ నృత్యశాలల్లో నల్లజాతివారు, లాటిన్ అమెరికా మూలాలవారు, స్వలింగ ప్రేమికులు కలిసి ఆడే రాత్రుల నుంచి పెరిగిన సంగీతం. అక్కడ పాట మూడు నిమిషాలకే ఆగిపోతే ఆట తెగిపోతుంది. అందుకని టామ్ మౌల్టన్ అనే మిక్సింగ్ నిపుణుడు, అంటే విడివిడిగా రికార్డయిన గొంతులను, వాద్యాలను కలిపి తూచే వ్యక్తి, గ్లోరియా గేనర్ 1975 ఆల్బమ్ మొదటి వైపున ఉన్న మూడు పాటలను ఎడం లేకుండా ఒకే ధారగా కలిపాడు. అది విని, ఇందులో తాను పాడింది ఎంతో లేదని గేనర్ అన్నారని మౌల్టన్ ఇంటర్వ్యూలలో చెప్పాడు. నృత్యానికి మేలు చేసిన ఆ నైపుణ్యం గొంతును ముడిసరుకుగా మార్చడం అక్కడే మొదలైంది. దాని పర్యవసానం పదిహేనేళ్ల తరువాత బయటపడింది.

గేనర్ పేరు నిలిపిన 'ఐ విల్ సర్వైవ్' 1978లో ఒక రికార్డు వెనక వైపున వచ్చింది. కంపెనీ ఆశలు పెట్టుకున్నది ముందు వైపు పాట మీద. వేదిక మీద పడి వెన్నుకు శస్త్రచికిత్స జరిగిన కొద్దికాలానికే, నడుముకు బిగించిన పట్టీతోనే ఆమె స్టూడియోలో నిలబడి ఆ పాట పాడారు. స్టూడియో 54 వంటి నృత్యశాలల డీజేలు రికార్డు తిరగేసి వాయించడంతో 1979 మార్చికి అది అమెరికా పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడాది గ్రామీ పురస్కారాలలో ఉత్తమ డిస్కో రికార్డింగ్ అనే విభాగంలో గెలిచింది. ఆ విభాగం ఆ ఒక్క ఏడాదితోనే రద్దయింది.

ఆ రద్దుకు నేపథ్యం 1979 జూలై 12న షికాగోలోని కోమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో కనిపిస్తుంది. స్టీవ్ డాల్ అనే రేడియో ప్రయోక్త పిలుపు మేరకు ఒక డిస్కో రికార్డు, 98 సెంట్లు ఇచ్చి లోపలికి వచ్చిన జనం ముందు రికార్డుల గుట్టను పేల్చివేశారు. జనం మైదానంలోకి దూకి విధ్వంసానికి దిగడంతో ఆ రోజు జరగవలసిన రెండో ఆట ఆగిపోయింది. అందులో జాతి ద్వేషం లేదని డాల్ చెబుతూ వచ్చారు. కానీ ఆ రోజు అక్కడ ప్రేక్షకులకు సీట్లు చూపించే పనిలో ఉన్న నల్లజాతి యువకుడు, తరువాత హౌస్ అనే నృత్యసంగీతానికి ఆద్యులలో ఒకడైన విన్స్ లారెన్స్, జనం తెచ్చిన వాటిలో డిస్కోతో సంబంధం లేని నల్లజాతి కళాకారుల రికార్డులు చాలా ఉన్నాయని గుర్తు చేసుకున్నాడు. ఆ సాక్ష్యాన్ని పక్కన పెట్టి దానిని ఒక ఆకతాయి ప్రచార ఎత్తుగడగా తేల్చివేయడం న్యాయం కాదు. ఆ తరువాత కంపెనీలు డిస్కో విభాగాలు మూసివేయగా, గాయకులు కొందరు తమ గానం మొదలైన చర్చికే తిరిగి వెళ్లారు. అలబామాలో పుట్టి, బాల్యంలోనే గాస్పెల్ త్రయంలో పాడిన క్యాండీ స్టేటన్ వారిలో ఒకరు. హింసించే భర్తతో తాను పడుతున్న బాధను నిర్మాత డేవిడ్ క్రాఫర్డ్‌తో చెప్పుకోగా, ఆ మాటల నుంచి ఆయన 1976లో 'యంగ్ హార్ట్స్ రన్ ఫ్రీ' అల్లారని ఆమె చెప్పారు. శ్రోతలు ఆనందంగా ఆడిన పాటలో ఒక స్త్రీ కష్టం ఉన్నదన్న సంగతి ఆమె నోటితో చెప్పేదాకా ఎందరికో పట్టలేదు.

అదే కాలంలో అమెరికా మరచిన సోల్ గాయకులను ఉత్తర ఇంగ్లండ్ కార్మిక యువత నెత్తిన పెట్టుకుంది. నార్తర్న్ సోల్ అనే ఆ ఉద్యమానికి 1973 నుంచి 1981 దాకా రాత్రంతా నడిచిన విగన్ క్యాసినో కేంద్రం. 1965లో మోటౌన్ నొక్కించి విడుదల చేయకుండా ఆపేసిన ఫ్రాంక్ విల్సన్ రికార్డు ప్రతి ఒకటి 2009లో 25 వేల పౌండ్లకు పైగా పలికింది. అయితే పాత రికార్డు చేతులు మారితే ఆ సొమ్ము సేకర్తదే.

గొంతు ముడిసరుకైన తీరు 1989లో పరాకాష్ఠకు చేరింది. పాత రికార్డులోంచి ఒక ముక్కను కత్తిరించి కొత్త పాటలో అతికించడాన్ని శాంప్లింగ్ అంటారు. షికాగో గాయని లోలియాటా హాలోవే 1980లో పాడిన 'లవ్ సెన్సేషన్' నుంచి ఆమె కేకలను అలా తీసుకుని, బ్లాక్ బాక్స్ అనే ఇటలీ బృందం 'రైడ్ ఆన్ టైమ్' తయారు చేసింది. అది బ్రిటన్‌లో ఆరు వారాలు మొదటి స్థానంలో ఉండగా, టీవీలో పెదవులు కదిపింది ఒక సన్నని మోడల్. అట్ట మీద హాలోవే పేరు లేదు. ఆమె న్యాయపోరాటం చేసి పరిహారం పొందారు. ఆ బృందపు తరువాతి పాటలు పాడిన మార్తా వాష్‌కూ అదే జరిగింది. 'ఇట్స్ రెయినింగ్ మెన్' పాడిన జంటలో ఒకరైన ఆమె, నమూనాగా పాడి ఇచ్చిన గానం 1990లో సీ అండ్ సీ మ్యూజిక్ ఫ్యాక్టరీ అనే బృందం పాటగా వచ్చి అమెరికాలో అగ్రస్థానం చేరింది. వీడియోలో మాత్రం మరో యువతి కనిపించింది. భారీకాయం వల్ల తనను తెర వెనకే ఉంచారన్న సంగతి వాష్ తరువాత ఎన్నోసార్లు దాపరికం లేకుండా చెప్పారు. తెర మీద ఒకరు పెదవులు కదిపితే వెనక మరొకరు పాడటం తెలుగు పాఠకులకు వింత కాదు. ఘంటసాల పేరు, పి. సుశీల పేరు టైటిళ్లలోనూ రికార్డుల మీదా అచ్చయ్యేవి గనుక దానిని ఎవరూ మోసమనలేదు. వాష్ దావాలు వేసిందీ సరిగ్గా ఆ అచ్చు కోసమే. రాజీలో భాగంగా వీడియోలో గానం ఆమెదని తెలిపే ప్రకటన చేరింది. గాయకుల పేర్లు ప్రకటించడం ఆ తరువాతే పరిశ్రమలో అలవాటైంది.

చట్టం మరింత నెమ్మదిగా కదిలింది. పాత బృందాల పేర్లు వాడుకుని అసలు సభ్యులు లేకుండానే కచేరీలు చేసేవారి మీద మేరీ విల్సన్ రాష్ట్రాల చట్టసభల చుట్టూ తిరిగి నిషేధాలు తెప్పించారు. 1972 ఫిబ్రవరి 15కు ముందు రికార్డయిన పాటలకు అమెరికా సమాఖ్య కాపీరైట్ రక్షణ లేకపోవడం వల్ల, సోల్ స్వర్ణయుగపు గానమంతా డిజిటల్ రేడియోలో చెల్లింపు హామీ లేకుండా మోగేది. పాత గాయకులు స్వయంగా వాషింగ్టన్‌కు వెళ్లి వాదించగా 2018 అక్టోబరులో వచ్చిన మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం ఆ లోటు తీర్చింది. సోల్ గాయని అరీథా ఫ్రాంక్లిన్ అప్పటికి రెండు నెలల ముందే మరణించారు. 1967లో ఆమె పాడి అజరామరం చేసిన 'రెస్పెక్ట్'ను రాసింది ఓటిస్ రెడ్డింగ్. మామూలు ఎఫ్‌ఎం, ఏఎం రేడియోలో అది మోగిన ప్రతిసారీ రాసినవారి పక్షానికి సొమ్ము వెళుతుంది. పాడినవారికి చెల్లించవలసిన బాధ్యత ఆ రేడియో కేంద్రాలకు 2018 చట్టం తరువాత కూడా లేదు.